తల్లికి ఉన్నా బిడ్డకు రావలసిన పనిలేదు!

మీ ఇంట్లో కోడలికో, కూతురికో నెల తప్పిందనుకోండి. ఇంటిల్లిపాదికీ సంతోషమే. మూడో నెల రాకుండానే ఆసుపత్రికి తీసుకువెళతారు. డాక్టరు చీటీ మీద వరుసగా పరీక్షలు రాస్తుంది. రక్తం శాతం, బ్లడ్ గ్రూపు, షుగరు, మూత్రం, థైరాయిడ్, కామెర్ల పరీక్ష. అన్నింటికీ తల ఊపుతారు. చివర హెచ్.ఐ.వి. అని కనిపించేసరికి పక్కనున్న అత్తగారి మొహం మారిపోతుంది. "అదెందుకమ్మా మాకు? మాది అలాంటి కుటుంబం కాదు" అంటుంది.

ఈ మాట పాతికేళ్ళు దాటిన నా సర్కారు కొలువులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. డబ్బున్నవాళ్ళూ అన్నారు, కూలికి వెళ్ళేవాళ్ళూ అన్నారు. ఒకసారి ఒక కాంపౌండరు గారి భార్యే అంది. ఆ పరీక్ష కుటుంబం పరువును కొలిచేది కాదు. కడుపులో ఉన్న బిడ్డకు ఒక జబ్బు రాకుండా ఆపవలసిన అవసరం ఉందా, లేదా అని చూసేది. అవసరం ఉంటే ఆపవచ్చు. ఈనాడు నూటికి నూరుపాళ్ళకు దగ్గరగా ఆపవచ్చు. అయితే సంగతి మాకు ముందుగా తెలియాలి.

నేను కాన్పుల డాక్టర్ని. ఉద్యోగంలో చేరినప్పుడు ఈ జబ్బున్న తల్లికి ఇవ్వడానికి నా దగ్గర మందు లేదు సరికదా, ధైర్యం చెప్పే మాట కూడా లేదు. ఇప్పుడు మందు ఉంది, పరీక్ష ఉంది, చట్టం ఉంది. ఈ మధ్యకాలంలో ఏం జరిగిందో చెబితే ఆ చీటీలో చివరి పరీక్ష ఎందుకుందో మీకే బోధపడుతుంది. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. దానితోనే మొదలుపెడతాను.

ఆ రాత్రి రాసిన చీటీ

అది 1998. కోస్తా జిల్లాలో ఒక చిన్న పట్నం ఆసుపత్రిలో నా మొదటి పోస్టింగు. ఒక రాత్రి పదకొండు దాటాక నొప్పులతో ఒక అమ్మాయి వచ్చింది. తొలిచూలు. వెంట తల్లి ఒక్కతే ఉంది. ఆవిడ కొంగున ముడివేసి తెచ్చిన కాగితం విప్పి చూశాను. ప్రైవేటు లాబ్ వాళ్ళిచ్చిన రిపోర్టు. హెచ్.ఐ.వి. పాజిటివ్ అని ఉంది.

కాగితంలో ఏముందో తెలియగానే నర్సు రెండడుగులు వెనక్కి వేసింది. ఆయా గదిలోంచి బయటికే వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే నా చేతులూ చల్లబడ్డాయి. "ఇక్కడ సదుపాయాలు లేవు, పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి" అని చీటీ రాసి ఇచ్చేశాను. అప్పటికి 108 వాహనాలు లేవు. అవి మన రాష్ట్రంలో 2005లో వచ్చాయి. ఆ తల్లి కూతుర్ని రిక్షాలో కూర్చోబెట్టుకుని బస్టాండుకు వెళ్ళింది. పెద్దాసుపత్రి అక్కడికి డెబ్భై కిలోమీటర్లు.

మూడోనాడు ఆ రిక్షా అతనే చెప్పాడు. బస్సు ఎక్కకముందే నొప్పులు ఎక్కువయ్యాయట. బస్టాండు వెనక పాకలో ప్రసవించిందట. ఎవరో ముసలమ్మ బొడ్డు కోసిందట. తెల్లవారాక బిడ్డను ఒడిలో పెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళిపోయారట. తరవాత వాళ్ళు మా ఆసుపత్రి గడప తొక్కలేదు. ఎందుకు తొక్కుతారు?

సదుపాయాలు లేవని రాశాను కదా, ఏ సదుపాయాలు? ఆ కాన్పు చేయడానికి కావలసినవి చేతులకు గ్లవుజులు, ఒంటికి ప్లాస్టిక్ ఏప్రన్, కళ్ళకు అద్దాలు, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు. అన్నీ మా అల్మారాలో ఉన్నాయి. వాటితోనే రోజూ కాన్పులు చేస్తున్నాం. ఆ వచ్చేవారిలో ఈ జబ్బు ఎవరికుందో, ఎవరికి లేదో మాకు తెలియదు, ఎందుకంటే పరీక్షలు లేవు. తెలిసిన ఒక్క అమ్మాయినే పంపేశాం. రక్తం అంటిన సూది పొరపాటున గుచ్చుకున్నా జబ్బు సోకే అవకాశం వెయ్యికి మూడు మాత్రమే. ఆ లెక్క నేను చదువుకున్నదే. చదువు పుస్తకంలో ఉండిపోయింది, భయం చేతుల్లోకి వచ్చింది.

ఆ అమ్మాయి పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను. ఆ బిడ్డ ఏమైందో నాకు తెలియదు. తరవాత ఈ జబ్బున్న ఏ గర్భిణికీ నేను అలాంటి చీటీ రాయలేదు.

బిడ్డకు ఎలా వస్తుంది?

ఎయిడ్స్ గురించి ప్రపంచానికి మొదట తెలిసింది 1981లో, అమెరికాలో. దానికి కారణమైన వైరస్‌ను 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు. మన దేశంలో ఈ వైరస్ ఉన్నట్టు మొదట బయటపెట్టింది 1986లో చెన్నైలో ఇద్దరు మహిళలు. ఒకరు మద్రాసు మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ సునీతి సాల్మన్. రెండోవారు ఆమె విద్యార్థిని నిర్మల. అప్పట్లో "మన దేశానికి ఈ జబ్బు రాదు" అని ధీమాగా ఉన్నవారే ఎక్కువ. సాల్మన్ గారు తరవాత జీవితమంతా ఈ రోగుల సేవలోనే గడిపి 2015లో కన్నుమూశారు.

తల్లికి ఈ వైరస్ ఉంటే బిడ్డకు తప్పకుండా వస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఏ మందూ వాడకపోయినా నూరుమంది తల్లులకు పుట్టిన బిడ్డల్లో జబ్బు సోకేది 15 నుంచి 45 మందికి. అంటే మందు లేకపోయినా సగానికి పైగా బిడ్డలు తప్పించుకుంటారు. ఎలాగంటారా? తల్లి రక్తం బిడ్డ రక్తంలో నేరుగా కలవదు. మధ్యలో మాయ ఉంటుంది. బిడ్డకు కావలసిన ఆహారాన్ని, ప్రాణవాయువును పంపుతూ చాలావరకు వైరస్‌ను అది ఆపుతుంది.

వైరస్ బిడ్డను చేరడానికి దారులు మూడు. మొదటిది గర్భంలో ఉండగా. రెండోది కాన్పు సమయంలో. నొప్పుల వేళ మాయ దగ్గర చిన్న చిన్న చీలికలు ఏర్పడతాయి, పైగా బిడ్డ తల్లి రక్తాన్ని, స్రావాలను తాకుతూ బయటికి వస్తుంది. మూడోది తల్లిపాలు. మందు లేనప్పుడు నూటికి గర్భంలో 5 నుంచి 10, కాన్పులో 10 నుంచి 20, పాల ద్వారా 5 నుంచి 20 మంది బిడ్డలకు సోకుతుందని లెక్క.

ఈ మూడు దారులకూ తాళం ఒక్కటే. అది తల్లి రక్తంలో ఉన్న వైరస్ మొత్తం. అది ఎంత తగ్గితే బిడ్డకు అంత క్షేమం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

ఒక్క బిళ్ళ వచ్చిన కాలం

1994లో అమెరికా, ఫ్రాన్స్ దేశాల్లో జరిగిన ఒక పరిశీలన వైద్యలోకాన్ని కుదిపేసింది. గర్భిణికి ఏ.జడ్.టి. అనే మందు బిళ్ళలుగాను, కాన్పు వేళ సెలైన్‌లోను ఇచ్చి, పుట్టిన బిడ్డకు ఆరు వారాలు సిరప్ పోశారు. మందు లేనివారిలో నూటికి 25 మంది బిడ్డలకు సోకితే, మందు వాడినవారిలో 8 మందికే సోకింది. బాగుంది. కాని ఆ ఖర్చు మన వంటి దేశాల్లో ఎవరు పెట్టగలరు? నేను ఆ పేజీ చదివి, మడిచి, పుస్తకంలో పెట్టుకున్నాను.

1999లో ఉగాండా రాజధాని కంపాలా నుంచి ఇంకో వార్త వచ్చింది. నొప్పులు మొదలవగానే తల్లికి నెవిరపిన్ బిళ్ళ ఒకటి, పుట్టిన మూడు రోజుల లోపల బిడ్డకు అదే మందు ఒక్క మోతాదు. అంతే. దానితోనే, కొద్దిరోజులు ఏ.జడ్.టి. వాడినవారితో పోలిస్తే జబ్బు సోకిన బిడ్డల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. చవకైన మందు. మన ప్రభుత్వాసుపత్రులకు సరిపడే మందు. తరవాత రెండు మూడేళ్ళలో అది మన దగ్గరికీ వచ్చింది. గర్భిణులకు సలహా చెప్పి పరీక్ష చేసే గది ఒకటి ఆసుపత్రిలో తెరిచారు.

ఆ గది తెరిచిన కొత్తలో దాని ముందు కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. మేము బోర్డు మార్చాం. రక్తం శాతం చూసే బల్లను కూడా అదే గదిలో పెట్టించాం. ఇక అందరు గర్భిణులూ అదే వరుసలో కూర్చునేవారు. ఎవరు ఏ పరీక్షకు వచ్చారో ఎవరికీ తెలిసేది కాదు. మందు ఎంత ముఖ్యమో ఇలాంటి చిన్న ఏర్పాట్లూ అంతే ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది.

అమ్మమ్మ అడిగిన ప్రశ్న

2003 జనవరిలో ఇరవై రెండేళ్ళ అమ్మాయికి నేనే కాన్పు చేశాను. పురుటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. నొప్పులు మొదలవగానే నా చేత్తో నెవిరపిన్ బిళ్ళ వేశాను. ఆడపిల్ల పుట్టింది. మర్నాడు పాపకు చుక్కల మందు పోశాం. నర్సులెవరూ వెనక్కి తగ్గలేదు. ఐదేళ్ళ కిందటి రాత్రి గుర్తుకొచ్చి, ఈసారి సరిగా చేశామని మనసులో అనుకున్నాను.

సగమే సరిగా చేశామని తరవాత తెలిసింది. కాన్పు అయిన కొద్ది నెలలకే ఆ తల్లి చిక్కిపోసాగింది. క్షయ కూడా తోడయింది. ఆమె రక్తంలో వైరస్‌ను అదుపు చేసే మందులు బజార్లో ఉన్నాయి. కాని నెలనెలా కొనాలి, బతికినంతకాలం కొనాలి. వాళ్ళ కూలి డబ్బులకు అవి అందేవి కావు. ఆసుపత్రిలో ఉచితంగా ఇవ్వడానికి అప్పటికి మా దగ్గర ఏమీ లేదు. ఆ ఏడు నవంబరులో ఆమె చనిపోయింది. పాపకు పది నెలలు.

ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది 2004 ఏప్రిల్ 1న. అయిదు నెలల తేడా.

ఆ జూలైలో పాపకు పద్దెనిమిది నెలలు నిండాయి. అమ్మమ్మ పరీక్షకు తీసుకువచ్చింది. నెగటివ్. "నీ మనవరాలికి జబ్బు లేదమ్మా" అని చెప్పాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, దండం పెడుతుందనుకున్నాను. ఆవిడ అవేమీ చేయలేదు. పాపను చంకకెత్తుకుని, "దీనికి మందు పోశారు, బతికింది. దీన్ని కన్నదానికి ఎందుకు పొయ్యలేదు తల్లీ?" అని అడిగింది.

జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజుల్లో మా పథకమంతా బిడ్డను కాపాడడం కోసమే. తల్లి ఆ మందును బిడ్డకు చేర్చే దారి మాత్రమే. పైగా ఆ ఒక్క బిళ్ళతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక్కసారి ఒక్క మందే ఇస్తే వైరస్ దానికి అలవాటుపడిపోతుంది. తరవాత ఆ తల్లికి నిజంగా మందు అవసరమైనప్పుడు అది పనిచేయకపోవచ్చు. ఈ సంగతులన్నీ అర్థమై పద్ధతి మారడానికి పదేళ్ళు పట్టింది. 2014 జనవరి 1 నుంచి మన దేశంలో హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికీ, రక్తంలో సి.డి.4 కణాలు ఎన్ని ఉన్నా సరే, మూడు మందులు కలిపి జీవితాంతం ఇవ్వాలని నిర్ణయించారు. 2017 నుంచి గర్భిణులకే కాదు, జబ్బున్న అందరికీ అదే పద్ధతి. అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు అదే. ఆవిడ కూతురికి మాత్రం అందలేదు.

ఇప్పుడు ఏం చేస్తాం?

మొదటిసారి ఆసుపత్రికి వచ్చినప్పుడే పరీక్ష చేస్తాం. ప్రభుత్వాసుపత్రిలో ఖర్చు లేదు. చిన్న కిట్టుతో కొద్దిసేపట్లో తెలుస్తుంది. మొదటి కిట్టులో అనుమానం వస్తే అంతటితో తేల్చేయం. వేరే రకం కిట్లతో మళ్ళీ చేసి, మూడూ కలిస్తేనే ఉందంటాం. కాబట్టి ఎక్కడో ఒక లాబ్‌లో వచ్చిన ఒక్క కాగితం చూసి గుండె జారిపోనివ్వకండి. ఐ.సి.టి.సి. అనే సలహా, పరీక్షా కేంద్రానికి వెళ్ళి రూఢి చేసుకోండి.

ఉందని తేలితే ఆలస్యం చేయకుండా ఏ.ఆర్.టి. కేంద్రంలో మందు మొదలుపెడతాం. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అనే మూడు మందులు కలిసిన ఒకే బిళ్ళ. రోజుకు ఒక్కటి. డోలుటెగ్రవిర్ వల్ల కడుపులో బిడ్డకు వెన్ను లోపాలు వస్తాయేమోనని 2018లో ఒక అనుమానం పుట్టింది. తరవాత ఎక్కువమంది తల్లులను పరిశీలిస్తే అలాంటి ప్రమాదం పెరగలేదని తేలింది.

ఇక్కడ గర్భిణులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. మీకు ఐరన్ బిళ్ళలు, కాల్షియం బిళ్ళలు కూడా ఇస్తారు కదా. అవి డోలుటెగ్రవిర్‌తో కలిస్తే ఆ మందు ఒంటికి పట్టదు. ఈ బిళ్ళ వేసుకున్న రెండు గంటల తరవాతగానీ, వేసుకోవడానికి ఆరు గంటల ముందుగానీ ఐరన్, కాల్షియం వేసుకోండి. నేను మా దగ్గరికొచ్చేవారికి చెప్పే పద్ధతి సులువైనది. కాల్షియం పొద్దుటి పలహారం తరవాత, ఐరన్ మధ్యాహ్నం, ఈ బిళ్ళ రాత్రి పడుకోబోయేముందు. మూడింటినీ ఒక్క డబ్బాలో వేసి ఒక్క గుక్కలో మింగే అలవాటు వద్దు.

ఎనిమిదో నెలలో రక్తంలో వైరస్ ఎంత ఉందో లెక్కకట్టే పరీక్ష చేస్తాం. కాన్పు తప్పకుండా ఆసుపత్రిలోనే జరగాలి. పుట్టగానే బిడ్డకు నెవిరపిన్ సిరప్ మొదలుపెడతాం. మామూలుగా ఆరు వారాలు. తల్లి ఆలస్యంగా మందు మొదలుపెట్టినా, వైరస్ ఎక్కువగా ఉన్నా ఇంకా ఎక్కువ కాలం, కొందరికి రెండు మందులు ఇవ్వవలసి వస్తుంది. ఆరో వారంలో బిడ్డ మడమ నుంచి నాలుగు రక్తపు చుక్కలు కార్డు మీద తీసి పరీక్షకు పంపుతాం. తరవాత ఆరు నెలలకు, ఏడాదికి, పద్దెనిమిది నెలలకు మళ్ళీ చూస్తాం. ఆఖరి మాట పద్దెనిమిది నెలలప్పుడే. దాకా ఓపిక పట్టాలి.

ఇవన్నీ సక్రమంగా జరిగితే సోకే అవకాశం నూటికి అయిదు కన్నా తక్కువకు దిగుతుంది. గర్భం రాకముందు నుంచే మందు వాడుతూ, వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోయిన తల్లుల విషయంలో నూటికి ఒకటి దరిదాపుల్లోనే ఉంటుంది.

పుట్టింటి ప్రయాణంలో జాగ్రత్త

మన ఆచారం ప్రకారం తొలికాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో సీమంతం చేసి అమ్మాయిని పంపుతారు. చల్లని ఆచారమే. కాని ఈ మందు వాడే అమ్మాయికి గండం కూడా అక్కడే ఉంది. ఎందుకంటే మందు ఇచ్చే కేంద్రం అత్తవారి ఊళ్ళో ఉంటుంది, తను పుట్టింట్లో ఉంటుంది.

2016లో ఒక అమ్మాయి ఇలాగే వెళ్ళింది. పుట్టింటివారికి సంగతి తెలియదు. బిళ్ళలు కనిపిస్తే అమ్మ అడుగుతుందని భయపడి, ఉన్నవి దాచేసింది. అయిపోయాక తెచ్చుకోలేదు. రెండు నెలలు మందు లేదు. నొప్పులతో నా దగ్గరికి వచ్చేసరికి వైరస్ మళ్ళీ పెరిగిపోయింది. చేయగలిగినవన్నీ చేశాం. ఆరో వారం పరీక్షలో బాబుకు పాజిటివ్ వచ్చింది. వెంటనే మందు మొదలుపెట్టాం. ఇప్పుడు బడికి వెళుతున్నాడు, చక్కగా ఎదిగాడు. కాని రోజూ బిళ్ళ వేసుకోవాలి. "నువ్వు వేసుకోకపోతే నాకొచ్చిందా?" అని ఏదో ఒకనాడు వాడు అడుగుతాడని ఆ తల్లికి దిగులు.

కాబట్టి ప్రయాణం పెట్టుకున్నప్పుడు ముందుగా ఏ.ఆర్.టి. కేంద్రంలో చెప్పండి. మందు పుస్తకం వెంట తీసుకువెళ్ళండి. పుట్టింటికి దగ్గరలో ఉన్న కేంద్రానికి మిమ్మల్ని జతచేస్తారు. ఇంట్లో ఒక్కరికైనా, తల్లికో అక్కకో, సంగతి చెప్పుకోండి. రహస్యం ఒంటరిగా మోస్తే ముందు మానేసేది మందునే.

తేనె చుక్క వద్దు

"ఈ జబ్బుంటే పాలివ్వకూడదా?" అని అడుగుతారు. ఇవ్వవచ్చు. తల్లి మందు వాడుతూ ఉంటే మొదటి ఆరు నెలలు తల్లిపాలు ఇవ్వడమే మంచిది. కాని ఆ ఆరు నెలలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పోయకూడదు. తేనె నాకించడం, ఆముదం పట్టడం, దాహమని గోరువెచ్చని నీళ్ళు, చాలడం లేదని ఆవుపాలు, గ్రైప్ వాటర్, ఏదీ వద్దు. డాక్టరు ఇచ్చిన మందు చుక్కలు మాత్రమే పోయాలి.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ వైద్యులు 1999లోనే ఈ సంగతి బయటపెట్టారు. తల్లిపాలు మాత్రమే తాగిన బిడ్డల కన్నా, తల్లిపాలతో పాటు వేరేవి కలిపి పట్టిన బిడ్డలకే జబ్బు ఎక్కువగా సోకింది. పై పదార్థాల వల్ల బిడ్డ లేత పేగు పొర ఒరుసుకుపోతుంది, అంటురోగాలు చేరతాయి, వైరస్ లోపలికి పోవడానికి సందు దొరుకుతుందని వైద్యులు భావిస్తున్నారు. పాలు పట్టడం ఇష్టం లేకపోతే, కుదరకపోతే, పూర్తిగా పై పాలే పట్టాలి. రెండు పడవల మీద కాలు పెట్టకూడదు. ఏది చేయాలో కాన్పుకు ముందే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. పెద్దవాళ్ళు ప్రేమతోనే తేనె నాకిస్తారు. వాళ్ళకు ఎదురు చెప్పలేకపోతే "డాక్టరు వద్దంది" అని నా మీదికి తోసేయండి.

నింద ఎవరి మీద?

గర్భిణికి పరీక్ష చేస్తాం కాబట్టి ఇంట్లో జబ్బు మొదట బయటపడేది ఆమెలోనే. అంతే, "నువ్వే తెచ్చావు" అని నింద ఆమె మీద పడుతుంది. ముందు తెలిసినవారికే ముందు వచ్చిందని అర్థం కాదు. నా దగ్గరికి వచ్చిన స్త్రీలలో ఎక్కువమంది భర్త తప్ప వేరొకరిని ఎరుగని ఇల్లాళ్ళు. ఈ మాట భర్తలను తిట్టడానికి చెప్పడం లేదు. భర్తకు కూడా పరీక్ష చేయించండి, ఆయనకూ మందు ఉంది, ఆయన ప్రాణమూ నిలుస్తుంది అని చెప్పడానికి. భర్త పక్కన నిలబడిన ఇళ్ళల్లో తల్లులు మందు మానేయడం నేను చాలా అరుదుగా చూశాను.

చట్టం కూడా మీ వెనక ఉంది. 2017లో చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. జబ్బు ఉందని వైద్యం నిరాకరించకూడదు, ఉద్యోగంలోంచి తీసేయకూడదు, పిల్లల్ని బడిలో చేర్చుకోమనకూడదు. 1998లో నేను రాసిన చీటీ ఇవాళ రాస్తే అది చట్టం ముందు తప్పు.

మీరు అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ తప్పదా? తప్పనిసరి కాదు. మందు సరిగా వాడి, వైరస్ అదుపులో ఉన్న తల్లికి మామూలు కాన్పే చేస్తాం. వేరే కారణం ఉంటే ఆపరేషన్ చేస్తాం.

పుట్టిన బిడ్డకు మామూలు పరీక్షలో పాజిటివ్ వచ్చింది, జబ్బు ఉన్నట్టేనా? కాదు. ఆ పరీక్ష చూసేది వైరస్‌ను కాదు, దాని మీద పోరాడే యాంటీబాడీలను. తల్లి యాంటీబాడీలు బిడ్డలో పద్దెనిమిది నెలల వరకు ఉండిపోవచ్చు. అందుకే పసిబిడ్డలకు వేరే పరీక్ష చేస్తాం.

మూడో నెలలో నెగటివ్ వచ్చింది, ఇక భయం లేనట్టేనా? చాలావరకు లేనట్టే. అయితే జబ్బు కొత్తగా సోకిన మొదటి వారాల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. భర్తకు జబ్బు ఉన్నా, అనుమానం ఉన్నా, కాన్పుకు ముందు మళ్ళీ చేయించుకోండి.

కాన్పు అయ్యాక మందు మానేయవచ్చా? వద్దు. బిడ్డకు తల్లి కావాలి. మందు జీవితాంతం వేసుకోవాలి.

భార్యాభర్తల్లో ఒకరికి ఉంటే పిల్లల్ని కనవచ్చా? కనవచ్చు. మందు క్రమంగా వాడి, వైరస్ పరీక్షకు అందనంత తగ్గిపోతే భార్యాభర్తల సంబంధం ద్వారా రెండోవారికి సోకదు. కాని ఆ స్థితికి వచ్చామా లేదా అన్నది డాక్టరే చెప్పాలి. అడగకుండా ముందుకు వెళ్ళకండి.

కలిసి తిన్నా, ఒకే ఇంట్లో ఉన్నా, ఉతికిన బట్టలు కట్టుకున్నా, దోమ కుట్టినా రాదు. బాలింతకు కంచం, చాప వేరే పెట్టవలసిన పనిలేదు. ఇంకా సందేహాలుంటే 1097 నంబరుకు ఫోన్ చేయండి. డబ్బులు పడవు. మీ పేరు చెప్పనక్కరలేదు.

చివరగా...

తల్లి నుంచి బిడ్డకు ఈ జబ్బు సోకడాన్ని దాదాపు అరికట్టినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో మొదట క్యూబాను గుర్తించింది. 2016లో థాయిలాండును, 2018లో మలేషియాను, 2019లో మన పక్కనున్న శ్రీలంకను గుర్తించింది. వాళ్ళకున్న మందే మనకూ ఉంది. వాళ్ళకున్న పరీక్షే మనకూ ఉంది. మన దగ్గర మిగిలిపోయిన పని మందుల షాపులో దొరికేది కాదు. మొదటి నెలల్లోనే పరీక్షకు రావడం, మొదలుపెట్టిన మందు మానకుండా వాడడం, బిడ్డను పద్దెనిమిది నెలల దాకా తీసుకురావడం, ఇంట్లో ఆ అమ్మాయిని నిలబెట్టుకోవడం. ఇవి మీ చేతుల్లో ఉన్నాయి.

పరీక్ష వద్దనే హక్కు మీకుంది. నేను బలవంతం చేయలేను, అందుకే అడుగుతున్నాను. రేపు మీ అమ్మాయి చీటీలో ఆ పేరు కనిపిస్తే మొహం చిట్లించకండి. నూటికి తొంభై తొమ్మిదిమందికి పైగా లేదనే వస్తుంది, నిశ్చింతగా ఇంటికి వెళతారు. ఎవరో ఒకరికి ఉందని వస్తుంది. ఆ ఒక్కరినీ ఎక్కడికీ పంపించం. లోపలికి రమ్మంటాం.